దస్కతు

రోజుకు నేను పెట్టే సంతకాలు లెక్కవేస్తే డజనుకు తక్కువ ఉండవు. పొద్దున్న కాలేజీ గుమ్మం తొక్కగానే హాజరు పట్టీలో ఒకటి. వేలు నొక్కితే హాజరు వేసుకునే యంత్రం వచ్చి చాలాకాలమైనా, మా ప్రిన్సిపాలు గారికి ఆ పాత పుస్తకం మీద మమకారం చావలేదు. పరీక్షల రోజులైతే జవాబు పుస్తకానికి ఒకటి చొప్పున పెట్టి పెట్టి వేళ్లు కొంకర్లు పోతాయి. ఇంటికి వస్తే మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. లెక్కల్లో మార్కులు తగ్గిన నెల వాడు వాళ్ల నాన్నగారి ఛాయలకు పోడు. తెలుగు చెప్పుకునే మనిషికి లెక్కలతో పేచీ ఉండదని వాడి ధీమా. బ్యాంకు కాగితాలు, బీమా కాగితాలు, గ్యాసు వాడి రసీదు - ఇవన్నీ చదివి పెట్టేవాళ్లెవరండీ? ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ గీకి పారేస్తాం.

కాని ఒక్క రకం కాగితం ఉంది. అది ముందుకు వచ్చినప్పుడు మాత్రం ఎంతటివాళ్లమైనా కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతాం. చేతిలో పెన్ను ఉండగానే పెన్ను కోసం వెతుక్కుంటాం. ‘రేపు చూద్దాంలెండి’ అంటాం. జైల్లో ఉన్న మనిషి కోసం సంతకం పెట్టమని అడిగే కాగితం అది.

అటువంటిది ఒకటి ఆ మధ్య మా స్టాఫు రూముకు వచ్చింది. తెచ్చినవాడు నాలుగేళ్ల క్రితం మా దగ్గర చదువుకుని వెళ్లిన కుర్రాడు. పక్క మండలంలో ఒక చిన్న పత్రికకు వార్తలు రాసే విలేఖరిని పోలీసులు పట్టుకుపోయి పందొమ్మిది రోజులైందట. విలేఖరి అంటే కారూ జీతమూ ఉన్న మనిషి అనుకునేరు. అచ్చయిన వార్తకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కంట్రిబ్యూటరు. ఊరి చెరువు పోరంబోకు ఎవరెవరి పేర్ల మీదికి ఎక్కిందో సర్వే నంబర్లతో సహా మూడు వారాలు వరసగా రాశాడు. నాలుగో వారం రాయడానికి మనిషి లేడు. కేసు ఏమిటో ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు. ఆ మహజరులో అడిగింది మూడే ముక్కలు: ఆరోపణ ఏమిటో బయటపెట్టండి, బెయిలు అర్జీకి అడ్డం పడకండి, విచారణ త్వరగా జరిపించండి. కింద సంతకాలకు పాతిక గీతలు గీసి ఉన్నాయి. నాలుగే నిండాయి.

కాగితం బల్ల చుట్టూ తిరిగింది. కామర్సు లెక్చరరు గారు దాన్ని చివర పట్టుకుని చూసి, “ఈ రోజుల్లో విలేఖరులందరూ హరిశ్చంద్రులేనా మేడమ్‌గారూ? మా బావమరిది ఇల్లు కట్టుకుంటుంటే, ప్లాను సరిగా లేదంటూ ఫోటో తీసి, ఐదువేలు పుచ్చుకుపోయాడొక మహానుభావుడు” అన్నారు. ఫిజిక్సు ఆయన నెమ్మదస్తుడు. “కోర్టులున్నాయి గదండీ. తప్పు లేకపోతే వాళ్లే వదిలిపెడతారు. మధ్యన మనమెందుకు?” అన్నారు. అందరికంటే పెద్దవారు మా లెక్కల మాస్టారు. “పెడితే పెట్టు గాని అమ్మా, దానివల్ల ఒరిగేదేమిటి? కాగితం దండగ” అని నిట్టూర్చారు.

నాలుగో మాట ఒకటి ఉంది. అది ఎవ్వరూ పైకి అనలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ, వాయిదాలు కట్టుకుంటూ ఉన్నాం. పేరు పోలీసు స్టేషన్లో ఒక కాగితం మీద ఉండటం మంచిదా? ఈ మాట అందరి కళ్లలోనూ కనబడింది. నా కళ్లలోనూ కనబడే ఉంటుంది. “రేపు పొద్దున్న ఇస్తాను బాబూ” అని కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

రాత్రి భోజనాలయ్యాక ఆ కాగితం తీసి బల్లమీద పెట్టాను. మావారు చదివి, “నీ ఇష్టం” అన్నారు. మగవారి నిఘంటువులో ఈ మాటకు పద్నాలుగు అర్థాలున్నాయి. మా అత్తగారు పక్కన కూర్చుని వారపత్రికలో సీరియల్ చదువుకుంటున్నారు. ఆవిడకు డెబ్బై అయిదు దాటింది. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క వాక్యమూ రుచి చూస్తూ చదువుతారు. సీరియల్ మధ్యలో ఉండగా ఇల్లు అంటుకున్నా లేవరని మా ఇంట్లో ప్రతీతి. అటువంటి మనిషి భూతద్దం పక్కన పెట్టి, “ఏమిటే అమ్మాయ్ అది?” అన్నారు. చెప్పాను.

“ఎమర్జెన్సీలో మా వీధిలో ఒకాయన ఉండేవాడు,” అని మొదలుపెట్టారు ఆవిడ. “ఇంటి ముందు గదిలో కాలితో తొక్కే అచ్చుయంత్రం పెట్టుకుని నాలుగు పేజీల పత్రిక వేసేవాడు. ఒకనాటి రాత్రి వచ్చి తీసుకుపోయారు. ఆయన పెళ్లాం పాతికేళ్ల పిల్ల. మర్నాడు బిందె పట్టుకుని పంపు దగ్గరకు వచ్చింది. అప్పటిదాకా కాకుల్లా అరుస్తున్న ఆడవాళ్లందరూ గప్‌చిప్. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పొమ్మనలేదు. పలకరించలేదు, అంతే. మొగుణ్ణి తీసుకుపోయిన రాత్రి ఆ పిల్ల ఏడవలేదే. పంపు దగ్గర ఏడ్చింది.”

కాసేపు ఆగి, “నువ్వు దస్కతు పెడితే అతను బయటికి వస్తాడో రాడో. అతని పెళ్లాన్ని ఒకరు పలకరించినట్టవుతుంది” అని మళ్లీ భూతద్దం అందుకున్నారు.

నేను సంతకం పెట్టాను. మర్నాడు కుర్రాడికి ఇచ్చేశాను. మా ప్రిన్సిపాలు గారు విని, “సరే” అన్నారు. ఆకాశం విరిగి మీద పడలేదు. అయితే స్టాఫు రూములో లేచిన మూడు ప్రశ్నలూ, లేవని నాలుగో ప్రశ్నా నన్ను వదలలేదు. అవి ఆ ముగ్గురివే కావు గదా, మనందరివీను. ఇరవై ఏళ్లుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతున్న అలవాటు చొప్పున, వాటికీ ఒకటొకటిగా జవాబు వెతుక్కున్నాను.

మొదటిది, అతను మంచివాడని మనకేం తెలుసు అన్న ప్రశ్న. 1897లో తిలక్ మహాశయుణ్ణి ‘కేసరి’ పత్రికలో వచ్చిన రాతలకు రాజద్రోహం కింద పట్టుకుని పద్దెనిమిది నెలల కఠిన శిక్ష వేశారు. ఆయన విడుదల కోసం ఇంగ్లండులో ఒక మహజరు తయారైంది. దానిమీద సంతకం చేసినవారిలో మాక్స్‌ముల్లర్ పండితుడొకరు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చువేసిన మాక్స్‌ముల్లరే. ఆయన జర్మనీలో పుట్టి ఆక్స్‌ఫర్డులో స్థిరపడినవాడు. బ్రిటిషు సామ్రాజ్యం కూలిపోవాలని ఏనాడూ కోరుకున్నవాడు కాదు. తిలక్ రాజకీయాలకూ ఆయనకూ చుక్కెదురు. తిలక్ 1893లో వేదకాల నిర్ణయం మీద ‘ఓరాయన్’ అనే గ్రంథం రాశాడు. ఆయనకు పరిచయమైన తిలక్ ఆ గ్రంథకర్త. సంతకం పెట్టి ఊరుకోలేదు, తన ఋగ్వేదం ప్రతిని జైలుకు పంపించాడు. ఖైదులో దానిని చదువుతూ చేసిన ఆలోచనల నుంచే తిలక్ తరువాతి గ్రంథం పుట్టింది. శిక్ష ఇంకా ఆరు నెలల దాకా మిగిలి ఉండగానే, 1898 సెప్టెంబరు 6న తిలక్‌ను వదిలిపెట్టారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ మహజరు మీద సంతకం పెట్టడానికి ‘కేసరి’ రాసిందంతా రైటు అని మాక్స్‌ముల్లర్ ఒప్పుకోవలసిన అవసరం రాలేదు. సంతకం మనిషి మంచితనానికి ఇచ్చే సర్టిఫికెట్టు కాదు. కామర్సు లెక్చరరు గారి బావమరిది దగ్గర ఐదువేలు గుంజినవాడి మీద కేసు పెట్టవలసిందే. గుంజినందుకు పెట్టాలి, రుజువు చెయ్యాలి. రాసినందుకు పట్టుకుని, గుంజాడని పుకారు పుట్టించడం వేరే సంగతి. ఏది ఏదో తేలాలంటే విచారణ జరగాలి. మేము అడిగిందీ అదే.

ఇక రెండోది, కోర్టులున్నాయి గదా అన్న ప్రశ్న. ఉన్నాయి. మన రాజ్యాంగంలో 22వ అధికరణం ఉంది. పట్టుకున్న మనిషికి కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి అంటుంది అది. ముందుజాగ్రత్త నిర్బంధం కింద పట్టుకుంటే మాత్రం ఈ హామీలు వర్తించవన్న మినహాయింపూ అందులోనే ఉంది. ఆ మినహాయింపు సందులోంచి ఎంతమందిని లోపలికి తొయ్యవచ్చునో 1975లో దేశమంతా చూసింది.

ఆ ఏడు జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల మీద సెన్సారు పడింది. జూన్ 28న ఢిల్లీ ప్రెస్ క్లబ్బులో నూరుమందికి పైగా పత్రికా రచయితలు చేరి సెన్సారును నిరసిస్తూ తీర్మానం మీద సంతకాలు చేశారు. వాళ్లను కూడగట్టినవాడు కులదీప్ నయ్యర్. జూలైలో ఆయనను ‘మీసా’ చట్టం కింద జైల్లో పెట్టారు. ఆ రోజుల్లోనే ఆయన మామగారు భీమ్‌సేన్ సచార్, మరి ఏడుగురితో కలిసి ప్రధానికి ఒక ఉత్తరం రాశారు. సభల్లో మాట్లాడే హక్కును గురించీ, పత్రికల స్వేచ్ఛను గురించీ ఏమైనా సరే తాము బహిరంగంగా ప్రచారం చేస్తామని అందులో చెప్పారు. సచార్ అనగానే మా అత్తగారి వయసువారికి గుర్తు రావాలి. 1957 నుంచి 1962 వరకు మన ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఆయనే. ఒకప్పుడు రాజభవనంలో ఉన్న మనిషి, ఎనభై ఏళ్ల వృద్ధుడు, ఒక ఉత్తరం మీద సంతకం పెట్టినందుకు జైలుకు వెళ్లాడు. ఒక ఇంట్లో మామా అల్లుడూ ఇద్దరూ లోపలే.

ఇంటిదగ్గర మిగిలింది భారతీ నయ్యర్. తండ్రీ జైల్లో, భర్తా జైల్లో. ఆమె ఢిల్లీ హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేసింది. మనిషిని మా ఎదట హాజరు పరచండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి అని అడిగించే అర్జీ అది. జస్టిస్ రంగరాజన్, జస్టిస్ అగర్వాల్ దానిని విన్నారు. తీర్పు తమకు ఎదురు తిరిగేటట్టుందని తోచి కాబోలు, ప్రభుత్వం నయ్యర్‌ను ముందే వదిలేసి, మనిషి బయటికి వచ్చాడు గనుక ఇక తీర్పు అక్కర్లేదన్నది. న్యాయమూర్తులు మాత్రం అక్కర ఉందన్నారు. ఆ నిర్బంధం చెల్లదని సెప్టెంబరు 15న తీర్పు చెప్పారు. దానికి ఫలం వారికీ ముట్టింది. రంగరాజన్ గారిని గౌహతికి బదిలీ చేశారు. అగర్వాల్ గారిని హైకోర్టు నుంచి దింపి సెషన్సు జడ్జీని చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురిలో నలుగురు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అటువంటి అర్జీ వేసుకునే హక్కే లేదన్నారు. కాదన్నవారు జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఆ నలుగురి మాట తప్పని సుప్రీంకోర్టే స్పష్టంగా కొట్టివేయడానికి 2017 దాకా పట్టింది.

కాబట్టి ఫిజిక్సు మాస్టారి మాటలో సగం నిజం. కోర్టులున్నాయి, వాటిలో రంగరాజన్‌లూ ఖన్నాలూ ఉన్నారు. కాని కోర్టు తలుపు దానంతటది తెరుచుకోదు. బయటినుంచి ఎవరో వెళ్లి తట్టాలి. ఆ తట్టడమూ ఒక కాగితమే, దాని కిందా ఒక సంతకమే. లోపల ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు గనుక, బయట ఉన్నవాళ్లే పెట్టాలి.

ఇక లెక్కల మాస్టారి ప్రశ్న కష్టమైనది. ఒరిగేదేమిటి? ఒక్కొక్కప్పుడు ఏమీ ఒరగదన్న మాట దాచిపెట్టి లాభం లేదు. తిలక్‌కు 1908 జూలై 22న రెండోసారి ఆరేళ్ల శిక్ష పడింది. అదీ ‘కేసరి’ రాతలకే. బొంబాయి మిల్లు కార్మికులు ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు పని మానేశారు. వారిలో చాలామందికి పత్రిక చదవడమే రాదు, ఇంకొకరు చదివితే విన్నవాళ్లు. కూలి పోయింది. పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అంతా జరిగినా తిలక్ మాండలేలో ఆరేళ్లూ ఉండనే ఉన్నాడు.

ఒరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆ మాండలే ఉన్న బర్మాలోనే, మన తాతలు పొట్టచేత పట్టుకుని వెళ్లిన ఆ రంగూన్‌లోనే, 2017 డిసెంబరు 12న వా లోన్, క్యా సో ఊ అనే ఇద్దరు రాయిటర్స్ విలేఖరులను పట్టుకున్నారు. ఇన్ డిన్ అనే పల్లెలో పదిమంది రోహింగ్యాలను చంపి పూడ్చిపెట్టిన సంగతి వాళ్లు కూపీ లాగుతున్నారు. పోలీసులు విందుకు పిలిచి చేతిలో కాగితాలు పెట్టి, బయటికి రాగానే రహస్యపత్రాలు దొరికాయని అరెస్టు చేశారు. అది పన్నాగమేనని ఒక పోలీసు కెప్టెను కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆయనకే జైలు పడింది. విలేఖరులకు ఏడేళ్ల శిక్ష వేశారు. తెల్లదొరలు 1923లో చేసిపెట్టిన రహస్యాల చట్టం కింద! వా లోన్ లోపల ఉండగానే ఆయనకు కూతురు పుట్టింది. ఆ దేశపు సుప్రీంకోర్టు కూడా 2019 ఏప్రిల్‌లో అప్పీలు కొట్టేసింది. న్యాయస్థానాల దారి అక్కడితో సరి. కాని అప్పటికి దేశదేశాల్లో వాళ్ల పేర్లు మారుమోగుతున్నాయి. పత్రికలవాళ్లు, చదువరులు, ప్రభుత్వాలు అడగని రోజు లేదు. రెండు వారాలు తిరగకుండానే, మే 7న దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. వాళ్లు లోపల గడిపింది 511 రోజులు. ఆ హత్యలకు పదేళ్ల శిక్ష పడిన సైనికులు మాత్రం ఏడాదైనా నిండకుండానే బయటికి వచ్చేశారు. చంపినవాడి కంటె రాసినవాడే ఎక్కువకాలం లోపల ఉన్నాడన్నమాట.

న్యూయార్కులో జర్నలిస్టుల రక్షణ కోసం పెట్టుకున్న సంఘమొకటి ప్రతి ఏటా డిసెంబరు 1 నాటికి ప్రపంచంలో ఎంతమంది పత్రికా రచయితలు తమ వృత్తి కారణంగా జైళ్లలో ఉన్నారో లెక్క తీస్తుంది. 2024 లెక్క 361. ఒక్కొక్క పేరూ, ఏనాడు పట్టుకున్నారో, ఏ నేరం మోపారో రాసి పెడతారు. లెక్కల మాస్టారికి నేను ఇదే చెప్పాను: “మాస్టారూ, మీరు చెప్పే లెక్కలాగానే ఇదీ. లెక్క పెట్టేవాడొకడు ఉన్నాడని తెలిస్తే తూకం వేసేవాడు జాగ్రత్త పడతాడు.” ఆయన నవ్వి, “నీకు లెక్కలు వచ్చునే!” అన్నారు. ఈ సంగతి మా అబ్బాయికి తెలియనివ్వలేదు.

ఇంకొక ఒరుగుబాటు కూడా ఉంది. దానిని మా అత్తగారు చూపించారు. సంతకం పెట్టిన ఆదివారం నాడు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ విలేఖరి ఇంటికి బయలుదేరారు. అరడజను అరటిపళ్లు, పిల్లలకు బిస్కట్లు. రెండు గదుల ఇల్లు. అతని భార్య మమ్మల్ని చూసి కంగారుపడి, కుర్చీమీది బట్టలు తీసేసింది. మా అత్తగారు జైలు మాట ఎత్తనే లేదు. పిల్లలు ఏం చదువుతున్నారు, నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, మీ పుట్టిల్లు ఎక్కడమ్మా - ఇవే మాటలు. టీ తాగాక ఆ అమ్మాయే లేచి ఒక అట్టపెట్టె తెచ్చింది. భర్త రాసిన వార్తల కత్తిరింపులన్నీ తేదీలు వేసి అంటించి ఉన్నాయి. బడికి పైకప్పు లేదని ఒకటి. రేషను బియ్యంలో రాళ్లని ఒకటి. వంతెన కింద మురుగని ఒకటి. “వీటికి ఇచ్చే డబ్బులతో కరెంటు బిల్లు కూడా గడవదండీ. మానెయ్యమంటే మానడు” అన్నది. వచ్చేటప్పుడు వీధి మలుపు దాకా సాగనంపి, “ఇన్నాళ్లకు మా ఇంటికి చుట్టాలు వచ్చారు” అన్నది. పక్కింటి అరుగుమీద కూర్చున్నావిడ ఆ మాట విని, “ఎవరమ్మా వాళ్లు?” అని పలకరించింది. మా అత్తగారు నా వంక చూశారు. అతనికి ఆ తరువాత కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. మా పాతిక సంతకాల వల్ల వచ్చిందని నేననను. ఆ పక్కింటావిడ పలకరింపు మాత్రం మేము వెళ్లడం వల్ల వచ్చిందే.

నాలుగో ప్రశ్న మిగిలింది - భయం. దీనికి వాదంతో జవాబు చెప్పలేం, మనుషుల్ని చూపించవలసిందే. మాస్టారి ఉద్యోగం గురించి భయపడేవాళ్లకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితం చెబుతూ ఉంటాను. కర్నూలు బిడ్డ. 1906లో మద్రాసులో ఎం.ఏ. పూర్తి చేసి, ఉపాధ్యాయ శిక్షణకు రాజమహేంద్రవరం కళాశాలలో చేరారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాల వేడిలో వందేమాతరం బిళ్లలు పెట్టుకున్న విద్యార్థుల గొడవలో కళాశాల నుంచి వెళ్లగొట్టారు. సర్కారు కొలువు పనికిరాదన్నారు. బెజవాడ వెళ్లి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. 1908లో తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు రాజద్రోహం మోపి మూడేళ్ల శిక్షతో వేలూరు జైల్లో పెట్టారు. బయటికి వచ్చాక ఆయన చేసిన పని ఏమిటో తెలుసునా? ఊరూరా గ్రంథాలయాలు, వయోజనులకు అక్షరాలు. మాస్టారు కావడానికి తగడని సర్కారు తేల్చిన మనిషి నిండు జీవితం ఆంధ్రదేశానికి మాస్టారుగా గడిపారు.

అది పాతకాలమంటారా? మొన్నమొన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. కేరళకు చెందిన సిద్దిఖ్ కప్పన్ అనే పత్రికా రచయితను 2020 అక్టోబరు 5న, హాథ్రస్‌లో దళిత యువతిపై జరిగిన ఘోరం గురించి తెలుసుకోవడానికి వెళుతూ ఉండగా, మథుర దగ్గర పట్టుకున్నారు. దేశద్రోహుల కోసం, ఉగ్రవాదుల కోసం చేసిన కఠినమైన చట్టాలు ఆయన మీద మోపారు. కేరళ పత్రికా రచయితల సంఘం సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆయన భార్య రెండేళ్లపాటు ఆ తలుపూ ఈ తలుపూ తిరుగుతూనే ఉంది. ముసలితల్లిని చూసి రావడానికి ఐదురోజులు అనుమతి దొరికింది. కొన్ని నెలలకు ఆవిడ పోయింది. 2022 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. బెయిలు అంటే నిర్దోషి అని తీర్పు కాదు, విచారణ జరిగేదాకా ఇంటిదగ్గర ఉండవచ్చునని మాత్రమే. అయినా దానికి పూచీ కావాలి. లక్షేసి రూపాయలకు ఇద్దరు జామీనుదార్లు, అందులోనూ ఆ రాష్ట్రం వాళ్లు కావాలి. ఎక్కడి కేరళ, ఎక్కడి లక్నో! ఆయన ముఖం ఎరిగినవాళ్లు అక్కడ ఎవరు? ఎరిగినా ముందుకు వచ్చేదెవరు?

వచ్చింది ఒక టీచరు. రూప్‌రేఖా వర్మ గారు. తత్వశాస్త్రం బోధించిన ఆచార్యులు, లక్నో విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఎనభైకి దగ్గరపడిన వయస్సు. కప్పన్‌తో ఆవిడకు పరిచయం లేదు. తన కారు కాగితాలు పట్టుకుని కోర్టుకు వెళ్లి, ఈ మనిషికి నేను పూచీ అని సంతకం పెట్టారు. ఇంకొక కేసు అడ్డు ఉండటంవల్ల కప్పన్ బయటికి వచ్చేటప్పటికి 2023 ఫిబ్రవరి 2 అయింది. ఇరవై ఎనిమిది నెలలు. ఆ ఇరవై ఎనిమిది నెలల్లో నాకు తలుచుకోవాలనిపించేది కోర్టు గుమాస్తా ముందు నిలబడి సంతకం చేసిన ఆ పెద్దావిడ చెయ్యి. ఎన్ని వేల పరీక్ష కాగితాల మీద, ఎన్ని పట్టాల మీద సంతకం చేసి ఉంటుందో ఆ చెయ్యి!

మన పొద్దుటి కాఫీ పక్కన వచ్చిపడే పత్రికలో చెరువుల సంగతీ, బళ్ల సంగతీ, బియ్యంలో రాళ్ల సంగతీ ఎవరో ఒకరు తిరిగి తెలుసుకుని రాస్తేనే ఉంటాయి. ఆ రాసినవాడు ఒకనాడు కనబడకపోతే, పత్రికలో ఖాళీ కనిపించదు. ఆ చోట ఇంకొక ప్రకటన అచ్చవుతుంది. అతను లేడని గుర్తుపట్టవలసింది మనమే, చదువరులమే.

అటువంటి కాగితం ఏదో ఒకనాడు మీ ఇంటికీ వస్తుంది. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదవండి. అందులో అడిగింది న్యాయమేనా చూడండి. మనస్సు ఒప్పకపోతే మానెయ్యండి, తప్పు లేదు. ఒప్పితే మాత్రం ‘రేపు’ అనకండి. లోపల ఉన్నవాడు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.